చేపపిల్లలు పోస్తే చాలా, వాగు ఉండొద్దా?

మృగశిర కార్తె దాటి తొలి వరద రాగానే సిరిసిల్ల చుట్టుపక్కల చెరువుల మత్తళ్ల కింద, వాగుల్లో జనం గుమిగూడతారు. ఎదురెక్కే చేపను పట్టడమంటే సంబరం. వలలతో పాటు దోమతెరలు, పాత చీరలు కూడా నీళ్లలో దిగుతాయి. అలా ఎదురెక్కేవాటిలో చాలా చేపలు గుడ్లతో ఉంటాయి. కిలో తూగే రవ్వ 2, 3 లక్షల గుడ్లు పెట్టగలదు. అది ఒక్క పూట కూరలో పోతుంది.

చెరువులు, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలు పోసే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2016లో మొదలుపెట్టింది. పథకం మంచిదే. కానీ చర్చంతా ఎన్ని లక్షల పిల్లలు పోశారన్న దగ్గరే ఆగిపోతోంది. బొచ్చె, రవ్వ నిలువ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద కావాలి. 1957లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి చేపలకు పీయూష గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించాకే హేచరీలకు దారి పడింది. లారీలో వచ్చే పిల్లలు ఎక్కువగా ఆ రకాలవే. జెల్లలు, చందమామలు, బుడ్డపరకలను ఎవరూ తెచ్చి పోయరు. అవి వాగును నమ్ముకునే బతకాలి.

రాష్ట్ర చేప కొర్రమట్ట సంగతే చూడండి. చెరువు అంచున మోకాలి లోతు నీళ్లలో, నాచు మధ్య గూడు కట్టి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రటి గుంపుగా నీటిపైకి తేలి గాలి పీలుస్తుంటే, తల్లి కిందనే కాపలా తిరుగుతుంది. ఆ ఎరుపు చూసి వల విసిరితే తల్లి దొరుకుతుంది. దిక్కులేని గుంపు మిగతా చేపలకు మేత అవుతుంది. శిఖం భూమి దున్నేసి, అంచును మట్టితో పూడిస్తే ఆ గూటికి చోటే ఉండదు.

అలా పోయిన చోటును తిరిగి ఇవ్వొచ్చు కూడా. అమెరికాలోని ఆరెగాన్‌లో, సాల్మన్ అనే నది సముద్రంలో కలిసే చోట బురద నేలలను పశువుల మేత కోసం కట్టలు కట్టి ఎండబెట్టారు. 1978 నుంచి ఒక్కో కట్టా తీసేస్తూ వచ్చారు. చినుక్ సాల్మన్ చేపపిల్లలు ఆ చిన్న పాయల్లోకి మళ్లీ చేరాయి, కొన్ని నెలల తరబడి అక్కడే మేసి పెరిగాకే కడలికి పోతున్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు లెక్కగట్టి తేల్చిన సంగతి ఇది.

మన దగ్గర మూలవాగు, మానేరు మీద చెక్‌డ్యాములు వచ్చాయి. భూగర్భజలానికి అవి మేలే చేస్తాయి, కాదనేదేమీ లేదు. కానీ మధ్యమానేరు జలాశయం నుంచి పైకి ఎక్కాలనుకునే చేపకు నిలువు గోడే ఎదురవుతుంది. ఓ పక్కన రాళ్లతో ఏటవాలుగా దారి పోయడం పెద్ద పనేం కాదు.

కొత్త చెక్‌డ్యాం అంచనాల్లోనే ఆ దారిని చేర్చాలి. తొలి వరద రోజుల్లో మత్తడి కింద దోమతెరలు దిగకుండా గ్రామ మత్స్య సహకార సంఘాలే తీర్మానం చేయాలి, పంచాయతీలు దాన్ని నిలబెట్టాలి.