ఎస్ అనమంటావా, నో అనమంటావా?

పోయిన శ్రావణ మాసం, మొదటి ఆదివారం. మధ్యాహ్నం రెండున్నర. హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో నేను, తణుకులో మా ఇంట్లో అమ్మ, మధ్యలో నాన్న ఫోన్ స్పీకర్‌లో. అమ్మ ఫోన్ మాత్రం పక్కింటి కుర్రాడి ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో కట్టేసి ఉంది. వాడు బీటెక్ సెకండియర్. నేను చెప్పిన కమాండ్లు వాడు కొడుతున్నాడు. అమ్మ ఫోన్ స్క్రీన్ చూసి నాకు చెబుతోంది.

"బుజ్జీ, ఇక్కడేదో ఇంగ్లీషులో అడుగుతోందే. కింద ఎస్, నో అని ఉన్నాయి. ఎస్ అనమంటావా, నో అనమంటావా?"

నేను అప్పుడే ఆఫీసు గ్రూపులో వచ్చిన మెసేజ్‌కి రిప్లై కొడుతున్నా. "ఎస్ అనమ్మా" అన్నాను.

అంతే. అరవైకి పైగా కస్టమర్ల జాకెట్టు కొలతలు, మూడేళ్లుగా తీసుకున్న మెడ డిజైన్ల ఫొటోలు, మగ్గం వర్క్ శాంపిల్స్, అన్నీ పోయాయి. మా అమ్మ టైలర్. శ్రావణమంటే ఆవిడకి ఏడాది మొత్తంలో పెద్ద సీజన్. వరలక్ష్మీ వ్రతానికి రెండు వారాలు కూడా లేదు.

ఈ వారం కాలమ్ ఆ "ఎస్" గురించే.

ఇంజినీర్ కూతురి గొప్ప

కథ రెండేళ్ల వెనక మొదలైంది. అమ్మ ఫోన్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. ఫోన్ మాత్రం చక్కగా ఉంది. బ్యాటరీ ఒకసారి మార్పించాం, కెమెరా బాగుంది, స్క్రీన్ మీద ఒక్క గీత లేదు. పని చేసే ఫోన్ పారేసి ఇంకో పదిహేను వేలు పెట్టడమెందుకని ఒక ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ వేశాను. ఏదన్నది ఇక్కడ అనవసరం. తప్పు దానిది కాదు, నాది.

ఇదేంటో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఆండ్రాయిడ్ అసలు కోడ్ ఓపెన్ సోర్స్. ఎవరైనా తీసుకుని తమ ఫోన్‌కి తగ్గట్టు మార్చుకోవచ్చు. అలా కంపెనీలు వదిలేసిన ఫోన్లకి కూడా కొత్త ఆండ్రాయిడ్ అందించే వాలంటీర్లు ప్రపంచమంతా ఉన్నారు. ఒకప్పుడు సయనోజెన్‌మాడ్ అని పెద్ద పేరు. అది 2016 డిసెంబర్‌లో మూతపడితే, అదే కోడ్ మీద లీనియేజ్ ఓఎస్ పుట్టింది. ఇప్పటికీ నడుస్తోంది.

వేసిన రోజు నా గొప్ప చూడాలి! "అమ్మా, ఇందులో గూగుల్ అకౌంట్ కూడా అక్కర్లేదు, నీ డేటా నీదే" అని చెప్పాను. డేటా ఆవిడదే, నిజమే. కానీ దానికి ఇంకో కాపీ ఎక్కడా లేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. నాకే తట్టలేదు.

అసలు అప్‌డేట్ ఎందుకు?

"బానే పనిచేస్తోంది కదా, కెలకడం దేనికి?" అని ప్రతి ఇంట్లో ఒకరైనా అంటారు. మా నాన్న అంటారు. దానికి నా దగ్గర ఒక పాత కథ ఉంది. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఆండ్రాయిడ్‌లో వీడియోలు ప్లే చేసే భాగంలో ఉన్న తప్పు అది. కావాలని చెడగొట్టిన ఒక వీడియోని ఎంఎంఎస్‌లో పంపితే చాలు, మనం తెరవకపోయినా ఫోన్ వేరేవాళ్ల చేతిలోకి వెళ్లే అవకాశం ఉండేది. ఆ గొడవ తర్వాతే, అదే ఏడాది ఆగస్టు నుంచి గూగుల్ ప్రతి నెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది.

అంటే అప్‌డేట్ కొత్త ఎమోజీల కోసం కాదు. తలుపు గడియ ఊడిపోయిందని తెలిశాక దాన్ని బిగించడం కోసం. యూపీఐ ఉన్న ఫోన్‌కి గడియ లేకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అమ్మ ఫోన్‌లో నెలవారీ చిన్న అప్‌డేట్లు బాగానే వెళ్లేవి. నోటిఫికేషన్ వస్తుంది, నొక్కుతుంది, టీ పెట్టుకుని వచ్చేలోపు అయిపోతుంది. చిక్కంతా పెద్ద అప్‌డేట్‌తో వచ్చింది. అంటే ఒక ఆండ్రాయిడ్ వెర్షన్ నుంచి తర్వాతి దానికి వెళ్లడం. కంపెనీ ఫోన్లలో అదీ ఒక బటనే. చాలా కమ్యూనిటీ ప్రాజెక్టుల్లో అలా కాదు. కంప్యూటర్ కావాలి, కేబుల్ కావాలి, కమాండ్లు కొట్టాలి, ఫోన్‌ని రికవరీ అనే మోడ్‌లో పెట్టాలి. ఆ నల్ల స్క్రీన్ మీద నాలుగు లైన్ల ఇంగ్లీషు మెనూ ఉంటుంది.

అమ్మ ఫోన్‌లో "అప్లై అప్‌డేట్" కిందే "ఫ్యాక్టరీ రీసెట్" ఉంది. వేలు ఒక లైను కిందకి జారింది. అప్‌డేట్ ఎక్కేటప్పుడు "సంతకం సరిపోలేదు, అయినా వేయమంటారా?" అని ఒక ప్రశ్న వస్తుందని, దానికి ఎస్ అనాలని నాకు తెలుసు. అమ్మ అడిగింది దాని గురించే అనుకున్నా. స్క్రీన్ మీద ఉన్నది మాత్రం "మొత్తం డేటా చెరిపేయమంటారా? మళ్లీ వెనక్కి తేవడం కుదరదు" అన్న ప్రశ్న.

రెండు ప్రశ్నలు. ఒకటి అసలు పట్టించుకోనక్కర్లేనిది, ఇంకోటి బతుకుతెరువు మీదకి వచ్చేది. రెంటికీ జవాబు ఒకటే, ఎస్. రెండూ ఒకే రంగు, ఒకే సైజు అక్షరాలు.

"పాతది పక్కన పెట్టుకోవే"

ఆ రాత్రే బస్సెక్కి తణుకు వెళ్లాను. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. మెషీన్ దగ్గర కూర్చుని కొత్త నోట్‌బుక్‌లో గీతలు గీస్తోంది. కస్టమర్లందరికీ నాన్న ఫోన్ నుంచి కబురు పెట్టింది, కొలతలు మళ్లీ ఇవ్వడానికి రమ్మని. వాళ్లూ వచ్చారు, పాపం. ఒకావిడైతే "మంచిదేలే వదినా, పాత కొలతలతో కుట్టుంటే పట్టేది కాదు" అని నవ్వించింది. ఇద్దరు మాత్రం వేరే షాపుకి వెళ్లిపోయారు.

మూడోరోజు అమ్మ అడిగింది. "మీ కంప్యూటర్ వాళ్లు అంత చదువుకున్నారు కదా. మేం కొత్త జాకెట్టు కుట్టేటప్పుడు ఆది జాకెట్టు పక్కన పెట్టుకుంటాం. కొత్తది తొడుక్కుని, సరిపోయిందన్నాకే ఆది వెనక్కి ఇచ్చేస్తాం. ఆది జాకెట్టునే కత్తిరించి కొత్తది కుట్టేవాళ్లని ఎక్కడా చూళ్లేదే నేను."

నేను నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో చదివినదాని కన్నా సూటిగా ఉంది ఆ మాట.

ఎందుకంటే అమ్మ చెప్పిన పద్ధతి ఆండ్రాయిడ్‌లో ఉంది! దాన్ని ఏ/బీ అప్‌డేట్ అంటారు. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చింది. ఫోన్‌లో సిస్టమ్ కోసం రెండు గదులు ఉంటాయి. మీరు 'ఏ' గదిలో పని చేసుకుంటుంటే, కొత్త వెర్షన్ వెనకాల 'బీ' గదిలోకి ఎక్కుతుంది. రీస్టార్ట్ చేస్తే 'బీ' నుంచి మొదలవుతుంది. అది సరిగ్గా లేవకపోతే ఫోన్ తనంతట తానే పాత 'ఏ'కి వెళ్లిపోతుంది. మీ ఫొటోలు, మెసేజ్‌లు ఈ రెండు గదుల్లోనూ ఉండవు, వేరే చోట ఉంటాయి. ఆది జాకెట్టు కత్తెర దగ్గరికే రాదు. అమ్మ ఫోన్ పాతది కాబట్టి అందులో ఈ ఏర్పాటు లేదు.

మరి ఎందుకింత కష్టం?

న్యాయంగా మాట్లాడుకుందాం. ఈ ప్రాజెక్టుల్లో ఎక్కువ మంది జీతం లేకుండా, ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చుని చేసేవాళ్లు. ఒక్కో ఫోన్ మోడల్‌ని ఒకరో ఇద్దరో చూసుకుంటారు. వాళ్లకి పెళ్లయినా, ఉద్యోగం మారినా ఆ మోడల్‌కి అప్‌డేట్లు ఆగిపోవచ్చు.

రెండో కారణం చిప్. కెమెరా, మోడెమ్ లాంటివి నడిపే కోడ్ చాలావరకు తయారీదారు చేతిలోనే ఉంటుంది. అది ఓపెన్ కాదు. ఒకప్పుడు ఆ కోడ్, ఆండ్రాయిడ్ కలిపి కుట్టేసినట్టుండేవి. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్ ఆ కుట్టు విప్పింది. అమ్మ భాషలో చెప్పాలంటే, లైనింగ్ కదపకుండా పై గుడ్డ మార్చుకునే వీలు ఇచ్చింది. అయినా లైనింగ్ చిరిగితే తయారీదారే కుట్టాలి. వాలంటీర్లు ఎంత కొత్త ఆండ్రాయిడ్ వేసినా, ఆ మూసి ఉన్న కోడ్‌లోని లోపాలు అలాగే మిగిలిపోతాయి. ఇది దాచిపెట్టి "ఫుల్ సేఫ్" అని చెప్పేవాళ్లని నమ్మకండి.

అలాగని కుదరని పనేం కాదు. గ్రాఫీన్ ఓఎస్ చూడండి. ప్రధానంగా పిక్సెల్ ఫోన్లకే ఉన్నా, బ్రౌజర్‌లోంచే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, కమాండ్లు అక్కర్లేదు. అప్‌డేట్లు వెనకాల వాటంతటవే ఎక్కుతాయి. ఉబుంటు టచ్‌ని 2017లో కెనానికల్ కంపెనీ వదిలేస్తే యూబీపోర్ట్స్ అనే కమ్యూనిటీ ఎత్తుకుంది. మౌస్‌తో నొక్కుతూ వెళ్లే ఇన్‌స్టాలర్ తయారు చేసింది. యూరప్‌లో ఫెయిర్‌ఫోన్ అయితే 2015 చివర్లో వచ్చిన తన రెండో మోడల్‌కి 2023 దాకా అప్‌డేట్లు ఇచ్చింది, చిప్ తయారీదారు సపోర్ట్ ఆపేశాక కూడా. అంత చిన్న కంపెనీ చేయగలిగింది అది.

మా అమ్మ టెస్ట్

ఇప్పుడు నా ఉద్యోగంలో కూడా ఏ స్క్రీన్ డిజైన్ చేసినా ఒక టెస్ట్ పెట్టుకున్నాను. అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు, నేను ఫోన్ ఎత్తకపోయినా, ఆవిడ దీన్ని దాటగలదా? అప్‌డేట్ విషయంలో ఆ టెస్ట్ నాలుగు అడుగుతుంది.

ఒకటి, నొక్కితే ఏమవుతుందో ముందే చెప్పాలి. ఎంత డేటా ఖర్చవుతుంది, ఎంతసేపు పడుతుంది, ఏదైనా పోతుందా. రెండు, చెరిపేసే బటన్ అప్‌డేట్ బటన్ పక్కన ఉండకూడదు. మూడు, పెద్ద అప్‌డేట్ అయినా కంప్యూటర్ లేకుండా అవ్వాలి, అవ్వకపోతే పాతదానికి వెళ్లే దారి ఉండాలి. నాలుగు, ఇదంతా మనిషి మాట్లాడే తెలుగులో ఉండాలి.

నాలుగోది మనం చేయగలం. లీనియేజ్ ఓఎస్ అనువాదాలు క్రౌడిన్ అనే వేదిక మీద జరుగుతాయి. కోడింగ్ రానక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. నేనూ అనువాదం మొదలుపెడదామని ప్రాక్టీసుగా కొన్ని వాక్యాలు రాసి, ముందు అమ్మకి చూపించాను. "వ్యవస్థ నవీకరణ అందుబాటులో ఉంది" అని గొప్పగా రాశాను. అమ్మ చదివి, "నవీకరణ ఎవరే, మీ ఫ్రెండా?" అంది. కొట్టేసి "మీ ఫోన్‌కి కొత్త అప్‌డేట్ వచ్చింది. మీ ఫొటోలు ఎక్కడికీ పోవు" అని రాశాను. "ఇది ముందే రాసుంటే పోయేదేముంది?" అంది.

నిజమే కదా. ఆ రోజు స్క్రీన్ మీద "మొత్తం చెరిపేస్తాం" అని తెలుగులో ఉంటే, నేను ఫోన్‌లో ఎస్ అని అరిచినా అమ్మ నో నొక్కేది. ఆవిడకి తెలివి తక్కువై కాదు, భాష అడ్డొచ్చి పోయింది.

మీరు చేయాల్సింది

ఓపెన్ సోర్స్ ఫోన్ అయినా, కంపెనీ ఫోన్ అయినా, ఈ ఆదివారం ఇంట్లో వాళ్ల ఫోన్ ఒకసారి చేతిలోకి తీసుకోండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి, ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. ఏడాది దాటితే ఆలోచించాల్సిందే. లీనియేజ్ లాంటి ఓఎస్‌లలో వెండర్ ప్యాచ్ తేదీ వేరేగా ఉంటుంది, అదీ చూడండి.

అమ్మానాన్నల ఫోన్‌కి కొత్త ఓఎస్ వేయాలని చేతులు దురద పెడుతున్నాయా? మొదట బూట్‌లోడర్ అన్‌లాక్ చేసినప్పుడే ఫోన్ మొత్తం చెరిగిపోతుంది. కొన్ని బ్యాంకు, పేమెంట్ యాప్‌లు ఆ తర్వాత పనిచేయకపోవచ్చు. ఏ/బీ ఉన్న ఫోనా కాదా కనుక్కోండి. అన్నిటికన్నా ముందు ఒక ఓటీజీ పెన్‌డ్రైవ్ కొని ఫొటోలు కాపీ చేయండి. కాపీ చేశాక దాన్ని తెరిచి చూడండి. పెద్ద అప్‌డేట్ అయితే ఫోన్‌లో చెప్పి చేయించకండి, పక్కన కూర్చుని చేయండి. ఈ ఆఖరి మాట నాకు నేను చెప్పుకుంటున్నది.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఆ పెద్ద అప్‌డేట్ పూర్తి చేశాను. గంటన్నర పట్టింది. కేబుల్ పెట్టబోతుంటే అమ్మ నా చెయ్యి ఆపి, డ్రాయర్‌లోంచి పెన్‌డ్రైవ్ తీసి ముందు పెట్టింది. పక్కనే కొలతల నోట్‌బుక్ కూడా.

"ఇప్పుడు అను ఎస్" అంది.