గోల్నాక ఇల్లు షేక్ టేబుల్ ఎక్కాలి

1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల కట్టడం నేర్పుతుంది. 1961లో ఏర్పడి తార్నాక చేరువలోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నేల కదలికలను కొలుస్తుంది. ఈ రెండూ చేతులు కలిపి, భూకంపాన్ని తట్టుకునే నమూనా భవనాల పోటీని విద్యార్థులకు ఏటా నిర్వహించాలనీ, అందులో నిర్మించవలసింది ఊహాలోకపు గోపురాలను కాక హైదరాబాదులోని గోల్నాక, తార్నాక వీధుల్లో లేస్తున్న మామూలు అయిదంతస్తుల ఇంటినేననీ ఈ కరపత్రం కోరుతోంది.

హైదరాబాదుకు భూకంప భయమెందుకన్న ప్రశ్న సహజమే, ఎందుకంటే 2002లో సవరించిన భారతీయ భూకంప ప్రమాణం ఐఎస్ 1893 ఈ నగరాన్ని అన్నింటికన్నా తక్కువ ప్రమాదమున్న రెండో మండలంలో ఉంచింది. అయితే 1993 సెప్టెంబరు 30న వేలాది ప్రాణాలు తీసిన భూకంపం వచ్చిన మహారాష్ట్రలోని కిల్లారి, అప్పటి పటంలో అంతకన్నా నిశ్చింతమైన మొదటి మండలంలో ఉండేది. ఆ మండలాన్నే 2002 సవరణలో ఎత్తివేశారు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం ఇక్కడి ఇళ్లలోనూ తెలిసింది.

అసలు పాఠం అహ్మదాబాదుది. 2001 జనవరి 26న భుజ్ ప్రాంతంలో భూమి కంపిస్తే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని ఆ నగరంలో బహుళ అంతస్తుల భవనాలు పదుల సంఖ్యలో కూలాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తులో గోడలు లేవు, బండ్లు నిలిపేందుకు పిల్లర్లు మాత్రమే ఉన్నాయి. పైన గోడలతో బిగిసిన అంతస్తులన్నీ ఒక్క పెట్టెలా కదులుతుంటే, ఆ ఊపంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. ఇంజనీర్లు దీనిని మెత్తని అంతస్తు అంటారు. హైదరాబాదీలు స్టిల్ట్ పార్కింగ్ అంటారు.

ఈ ఊపును విద్యార్థుల కళ్లకు కట్టించగలది షేక్ టేబుల్, అంటే మోటారు సాయంతో భూకంపంలా ఊగే బల్ల. అమెరికాలోని భూకంప ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నిర్వహించే పోటీలో విద్యార్థులు తేలికైన బాల్సా కర్రతో గోపురాలు కట్టి దానిపై నిలుపుతారు. ప్రతి కట్టడానికీ తనదైన ఊగుడు కాలం ఉంటుంది, అయిదంతస్తుల భవనానికి అది సుమారు అర సెకను; నేల కూడా అదే లయలో కదిలితే, ఉయ్యాలను అదను చూసి తోసినట్టు, ఊపు పెరుగుతూ పోతుంది. అనునాదం అనే ఈ మాటను పుస్తకంలో చదివినవారికీ, తాము అతికించిన కర్ర కళ్లముందే ఫెళ్లున విరగగా చూసినవారికీ కలిగే ఎరుక ఒకటి కాదు.

ఇక్కడి పోటీకి వెదురు బద్దలూ జిగురూ చాలు. బహుమతి మాత్రం నిలిచిన నమూనాకు కాక, ఏ పిల్లరు ఎంత ఊపుకు విరుగుతుందో ముందే లెక్కగట్టి రాసిచ్చిన జట్టుకు దక్కాలి. అందాన్ని చూసి మార్కులు వేసే అలవాటు ఈ విద్యకు చేటు.

వెదురు కాంక్రీటులా విరగదన్న ఆక్షేపణ న్యాయమైనదే. కాబట్టి పోటీలో రెండో భాగంగా మేస్త్రీలనూ, ఇనుము వంచే పనివారినీ పిలిచి, విద్యార్థులతో కలిసి అసలు కొలతల్లో పిల్లరు కడ్డీల చట్రం కట్టించాలి. నిలువు కడ్డీలను చుట్టే రింగుల కొసలు 135 డిగ్రీలు వంగి లోపలి కాంక్రీటులోకి దిగాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 చెబుతుంది. తొంభై డిగ్రీల వద్దే ఆగిన కొస, భూకంపంలో పైపెచ్చు రాలగానే విచ్చుకుంటుంది.

విరిగిన నమూనాలను క్యాంపస్‌లో దాచకుండా, ఎక్కడ ఎందుకు విరిగిందో చీటీ అంటించి, ఇంటి అనుమతుల పనిమీద నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) సర్కిల్ కార్యాలయానికి వచ్చే యజమానుల కంటబడేలా ఏడాదిపాటు ఉంచాలి.