విద్యాసేవయు లెక్కపుస్తకమును

మన యువకులకు విద్యాసేవయం దాసక్తి లేదనువారితో మేమేకీభవింపజాలము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నలుగురు మిత్రులు కూడినచోట చదువును గూర్చిన ప్రసంగము రాకపోదు. దినమెల్ల బీడీలు చుట్టెడి తల్లి తన బిడ్డకు సాయంకాలమున పాఠము చెప్పించుటెట్లు? మరమగ్గము కడ నిలుచున్న తండ్రి తన కుమారునకు పోటీపరీక్షల పుస్తకములు కొనిపెట్టుటెట్లు? యజమాని గల్ఫు దేశమునకు కూలికి పోయిన యింట పిల్లవాని చదువును కనిపెట్టి చూచువారెవ్వరు? ఈ ప్రశ్నలు మన యువకుల మనస్సులను కలతపెట్టుచునే యున్నవి. అందుచే చందాలు వసూలగును, గది కుదురును, బల్లలు వచ్చును, ప్రారంభోత్సవమునకు పూలమాలలును వచ్చును. ఏడాది తిరుగునప్పటికి ఆ గదికి తాళము పడును.

దీనిని మనవారి ఆరంభశూరత్వమని నిందించి యూరకుండుట సులభము. మా యభిప్రాయము వేఱు. ఆ మిత్రులకు శౌర్యము కొఱవడలేదు, లెక్క కొఱవడినది. దాత యుత్సాహముపై నిలిచిన సంస్థ దాత యుత్సాహముతోనే తఱుగును. తన వ్యయమును తాను సంపాదించుకొని, మిగిలినదానిని పంచుకొనక మరల నా పనికే వెచ్చించు సంస్థ నిలుచును. దీనినే నేటివారు సామాజిక వ్యాపారమని పిలుచుచున్నారు. బంగ్లాదేశ ఆర్థికవేత్త మహమ్మద్ యూనస్ ఈ పేరును లోకమున వ్యాపింపజేసెను. 2006లో ఆయనకును, ఆయన స్థాపించిన గ్రామీణ బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము లభించెను. పేరు కొత్తది. పని మాత్రము తెలుగువారికి కొత్తది గాదు.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు మున్నగు మిత్రుల సమష్టికృషికి అది ఫలము. అయితే చదువరికి బీరువా చూపినంతమాత్రమున చాలునా? అందు శాస్త్రమును, చరిత్రమును తెలుగున నుండవలయును గదా! 1906లో లక్ష్మణరావుగారు, రంగారావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలగువారు కలసి విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిరి. చందాదారులను చేర్చుకొని, గ్రంథములచ్చువేసి, విక్రయించి, వచ్చిన సొమ్ముతో మరల గ్రంథములు వెలువరించిరి. హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము, లక్ష్మణరావుగారి హిందూమహాయుగము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఈ మండలి ద్వారముననే తెలుగు చదువరుల చేతికందినవి. ఆంగ్లము రానివానికి శాస్త్రచరిత్రముల ద్వారము తెఱచిన ఈ మహత్కార్యము చందాతోను, అమ్మకముతోను నడచినదని మన యువకులు మఱువరాదు.

ఆ పద్ధతిని సామాన్యుని గుమ్మమునకు కొనిపోయినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. వంటపని చేయుచు చదువు నేర్చిన ఆ మహనీయుడు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. ఉచితముగా పంచిపెట్టుటకంటె కొద్దిపాటి వెలకు అమ్ముట యెక్కువ శ్రమ. కాని యొక అణాయైనను పెట్టి కొన్నవాడు పుస్తకమును చదువును. చదివినవాడు రెండవదానిని అడుగును. 1980లో సి.కె. నారాయణరెడ్డిగారు, గీతా రామస్వామిగారు మొదలగు మిత్రులు లాభాపేక్ష లేక ప్రారంభించిన హైదరాబాదు బుక్ ట్రస్టును ఈ త్రోవనే నడచి, తక్కువ వెలకు తెలుగు పుస్తకముల నందించెను.

ఇవి యన్నియు రాజధాని ముచ్చటలనియు, మన మూలకు పనికిరావనియు ననుకొనవలదు. 1935లో నాలుగవ ఆంధ్రమహాసభ మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగినది. నిజాము రాజ్యమున పైచదువు ఉర్దూలో సాగుచుండగా తెలుగు బాలికల కొఱకు 1928లో హైదరాబాదున పాఠశాల నెలకొల్పినవారు ఆ మాడపాటివారే. సిరిసిల్లకు చేరువనున్న హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదివియు తెలుగు మహాకవియై, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందుకొనిరి. ఈ నేల చదువుకొఱకు ఎంత ఆరాటపడినదో చెప్పుటకు వేఱు సాక్ష్యములేల?

సిరిసిల్ల నేతపనివా రొక పరాయిదేశపు వృత్తాంతమును గూడ వినవలెను. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున ఇరువదియెనిమిదిమంది శ్రామికులు, వారిలో నేతపనివారే పలువురు, తలకొక్క పౌను కూడబెట్టి చిన్న అంగడి తెఱచిరి. అమ్మినవి పిండి, వెన్న, పంచదార, కొవ్వొత్తులు. ఆ అంగడి వృద్ధిచెందిన పిదప మిగులులో నూటికి రెండున్నర వంతు విద్యకై ప్రత్యేకించి గ్రంథాలయమును, పఠనమందిరమును పోషించిరి. కొవ్వొత్తి అమ్మకమే జ్ఞానజ్యోతిని వెలిగించినది! అంత దూరమేల? పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు మొదలగువారు స్థాపించిన సహకారసంఘము నేటికిని నడచుచున్నది. పల్లెవారికి లెక్క చేతగాదనువారికి ముల్కనూరే సమాధానము.

ఇక మన మిత్రులు చేయవలసినదేమి? ఒక చిన్న లెక్క చూతము. అయిదువందల రూపాయల పరీక్షాగ్రంథమును ఒకడు కొన్నచో ఒకనికే యుపయోగపడును. దానినే యొక సంఘము కొని, ఒకరి తరువాత నొకరుగా పదిమందికి అరువది రూపాయల చొప్పున అద్దెకిచ్చినచో ఆఱువందలు వచ్చును. వెల తీరును, అట్ట కట్టించుటకును, మఱియొక పుస్తకమునకును నూఱు రూపాయలు మిగులును, చదివిన ప్రతివానికిని నాలుగువందల నలుబది రూపాయలు దక్కును. సాయంకాలపు పాఠశాలకును, పఠనమందిరమునకును ఇదే సూత్రము. ఇచ్చుకోగలవాడు పూర్తి రుసుము నిచ్చును. లేనివానికి ఆ మిగులే రుసుమగును.

స్నేహమున్నదిగదా, వ్రాతలేల యందురు. "ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చె"నను సామెత యూరక పుట్టలేదు. ఎవరి మూలధనమెంత, ఎవరి పని యేది, ఎవరికి వేతనమెంత, ఇవి మొదటి దినముననే కాగితముపై నుండవలయును. నెలనెలకు జమాఖర్చులు గోడకు అంటింపవలయును. ఒకడు ఉద్యోగమునకు పట్నమునకో, పరదేశమునకో పోవునపుడు పని నెవరికప్పగింపవలయునో ముందే నిర్ణయింపవలయును. మిత్రుడు పోయినను మందిరము మూతపడరాదు. ఇందులకు చట్టపు టండయు కలదు. 1995నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద సంఘముగా నేర్పడవచ్చును. 2013నాటి కంపెనీల చట్టము 8వ సెక్షను క్రింద లాభము పంచుకొనని కంపెనీగా నైనను నిలువవచ్చును.

చదువును అంగడి సరకు చేయుదురాయని కొందఱు పెద్దలు మందలింతురేమో. వారి శంక న్యాయమైనదే. చదువు పేరిట ధనార్జన చేయు దుకాణములు మనకిప్పటికే కావలసినన్ని యున్నవి. భేదము రుసుము పుచ్చుకొనుటలో లేదు. మిగిలిన రూపాయి యెవరి జేబున చేరినదను ప్రశ్నలో నున్నది. ఆ ప్రశ్నకు గోడమీది జమాఖర్చు బాహాటముగా బదులు చెప్పినంతవఱకు అది సేవయే; చెప్పజాలని దినమున అది దుకాణమే.

మఱియొక మాట. ఇట్టి ప్రయత్నములను చూపి ప్రభుత్వము తన కర్తవ్యమును దులుపుకొనరాదు. 2009నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకుగల బాలబాలికలకు ఉచితవిద్య నొసగుట రాజ్యధర్మమని శాసించినది. ఆ ధర్మమును నిలదీసి యడుగుట ప్రజల హక్కు. కాని బడిగంట మ్రోగిన పిమ్మట సాయంకాలమున్నది. పదునాలుగేండ్ల పిమ్మట జీవితమున్నది. ఆ కాలమును దీపము లేని యింట గడుపుచున్న బిడ్డ, ప్రభుత్వము కదలువఱకు వేచియుండగలదా?

1901లో ఆ మిత్రులకు స్వరాజ్యము లేదు. తెలుగున చదువు చెప్పు ప్రభుత్వము లేదు. ఉన్నదెల్ల ఒక మిత్రుని యిల్లు, పదిమంది పట్టుదల. నేటి మన యువకులకు అవి రెండును కలవు, స్వరాజ్యమును కలదు. మూడు పట్టణములలో నేదో యొకదానియందు పదిమంది మిత్రులు ముందు లెక్కపుస్తకము కొని, పిమ్మట పూలమాలల సంగతి యోచించినచో ఆ గదికి తాళము పడదని మా విశ్వాసము.