సులువు చేయడమా, కోసెయ్యడమా?

ఈ మధ్య మన ఐటీ జనానికి ఒక కొత్త వ్యాపకం పట్టుకుంది. ఆఫీసు పనయ్యాక కోర్సులు అమ్మడం. "సిస్టం డిజైన్ నాలుగు గంటల్లో", "అరవై రోజుల్లో డేటా సైంటిస్ట్"... అమ్ముకోండి, నాకేం అభ్యంతరం లేదు. నా పేచీ అల్లా ఆ ప్రకటనల్లో కనబడే ఒక మాటతోనే: "కంటెంట్ సింప్లిఫై చేశాం". ఏం సింప్లిఫై చేశారు సార్? సగం పీకి పారేశారు, అంతే కదా!

ఉదాహరణ లేకుండా తిట్టడం న్యాయం కాదు కాబట్టి చెప్తాను. వరంగల్ కాశిబుగ్గలో మా చిన్నాయన వాళ్లుంటారు. ఆయన కొత్తవాడలో దర్రీలు నేస్తాడు (2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలు అవే). ఆయన బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం, ఎంసెట్‌కి చదువుతోంది. 2024 నుంచి తెలంగాణలో దాని పేరు ఈఏపీసెట్ గానీ, ఆ ఇంట్లో ఎవరూ అలా అనరు. కాలేజీ ఫీజు కాక ఇరవై రెండు వేలు పెట్టి ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నారు. అందులో ఒక "ట్రిక్": లిమిట్లు సున్నా నుంచి పై బై టూ, పైన సైన్, కింద సైన్ ప్లస్ కొసైన్ ఉంటే కళ్లు మూసుకుని పై బై ఫోర్ పెట్టెయ్.

నేను లిమిట్లు మార్చి, పై బై సిక్స్ నుంచి పై బై త్రీ వరకు ఇచ్చాను. పిల్ల అప్పుడూ పై బై ఫోరే అంది. ఎందుకమ్మా అంటే "గట్లనే చెప్పిండ్రన్నా" అంది.

పోనీ అసలు కారణం అంత కష్టమైనదా? ఎక్స్ బదులు పై బై టూ మైనస్ ఎక్స్ పెట్టండి. సైన్ కొసైన్ అవుతుంది, కొసైన్ సైన్ అవుతుంది, ఇంటిగ్రల్ విలువ మాత్రం మారదు. పాతదీ కొత్తదీ కలిపితే లోపల మిగిలేది ఒకటి. కాబట్టి జవాబు లిమిట్ల మధ్య దూరంలో సగం. నేనిచ్చిన లెక్కకి పై బై ట్వెల్వ్. రెండు లిమిట్లూ కూడితే పై బై టూ రాకపోతే మాత్రం ఈ పప్పులు ఉడకవు. అంతే కథ. చాయ్ చల్లారేలోపు పిల్లకి అర్థమైపోయింది. ట్రిక్ కన్నా కారణమే సులువు, ఎందుకంటే దాంతో పది లెక్కలు చేయొచ్చు. మరి దాన్ని కోసేసి మిగిల్చిందేంటి?

కోచింగ్ వాళ్ల వాదన నాకు తెలుసు. 180 నిమిషాలు, 160 ప్రశ్నలు, ఒక్కోదానికి 67 సెకన్లు. కారణాలు ఆలోచిస్తూ కూర్చుంటే ర్యాంకు ఎక్కడొస్తుంది అంటారు. నిజమే, కానీ 67 సెకన్ల గొడవ పరీక్ష హాల్లోది. క్లాసులో ఎవరు తరుముతున్నారు? పోనీ కోచింగే పాపమా అంటే అదీ కాదు. పాత వరంగల్ జిల్లా గూడూరులో పుట్టిన చుక్కా రామయ్య గారు నల్లకుంటలో చెప్పింది కూడా కోచింగే కదా! అప్పట్లో ఐఐటీ పరీక్షలో మెట్టు మెట్టుగా లెక్క రాసి చూపించాలి, కాబట్టి కారణం తెలియకపోతే కుదరదు. 2006 నుంచి అదీ పూర్తిగా ఆబ్జెక్టివ్ అయిపోయింది. పరీక్ష ఏది అడిగితే బజారు అదే అమ్ముతుంది.

ఆన్‌లైన్‌లో పరీక్ష పెత్తనం కూడా పోయింది. ఇప్పుడు యజమాని వీడియో గ్రాఫే. ఒక కోర్సుల కంపెనీ నన్ను హాష్‌మ్యాప్ మీద పాఠం చెయ్యమంది. చేసిచ్చాను. "బాగుంది సార్, కానీ ఆరో నిమిషం దగ్గర జనం వెళ్లిపోతున్నారు, ఆ ముక్క తీసేసి సింపుల్ చేద్దాం" అన్నారు. ఆరో నిమిషంలో ఉన్నదేంటో తెలుసా? రెండు కీలు ఒకే బకెట్లో పడితే ఏమవుతుంది అన్నది. హాష్‌మ్యాప్‌లో నేర్చుకోవాల్సిందే అది! తియ్యనన్నాను, వాళ్లు వేరేవాళ్లని చూసుకున్నారు :)

ఇప్పుడు ఇంటర్వ్యూల్లో ఆ పంటే కోస్తున్నాం. "వెతకడానికి ఎంత టైం?" అంటే టకీమని "ఓ ఆఫ్ వన్". "అన్ని కీలూ ఒకే బకెట్లో పడితే?" అంటే నిశ్శబ్దం. 2014లో వచ్చిన జావా 8లో, బకెట్లో గొలుసు మరీ పొడుగైతే చెట్టుగా మార్చే ఏర్పాటు పెట్టారు. ఎందుకు పెట్టాల్సొచ్చిందో ఆరో నిమిషం చూడనివాడికి ఎలా తెలుస్తుంది? తర్వాత మనమే "ఈ కాలం కుర్రాళ్లకి బేసిక్స్ లేవు" అని క్యాంటీన్లో నిట్టూరుస్తాం. ఆ కోర్సు చేసింది మన పక్క క్యూబికల్ వాడే మరి!

నేను కష్టంగా చెప్పమనడం లేదు. తెలుగు మీడియం పిల్లలకి తెలుగు అకాడమీ పుస్తకంలో "సమాకలనం" అన్న మాట చూస్తేనే సగం ప్రాణం పోతుంది. ఇంగ్లీషు పుస్తకం చూస్తే మిగతా సగం. వాళ్లకి సులువుగా చెప్పే మనిషి కావాల్సిందే. కాశిబుగ్గ పిల్లకి మాట్రిక్స్ చెప్పాలంటే నాన్న మగ్గం చూపించండి. నిలువు పోగు పడుగు, అడ్డ పోగు పేక. ఏ పోగు ఏ పోగుని ఎక్కడ కలుస్తుందో చెప్పడానికి రెండు అంకెలు చాలు. వరస, నిలువు, అయిపోయింది. దీన్ని సింప్లిఫై చేయడం అంటాను నేను. ఇక్కడ ఏదీ తీసెయ్యలేదు, పిల్లకి తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టాం. కాకపోతే దీనికి చెప్పేవాడికి విషయం రావాలి, ఎదుటి మనిషి ఇల్లు తెలియాలి. కొయ్యడానికి కత్తెర చాలు. పైగా కత్తెర లక్షమందికి ఒకేసారి పనిచేస్తుంది, పెట్టుబడి పెట్టేవాళ్లకి అదే ముద్దు. 2022లో 2200 కోట్ల డాలర్లు ఖరీదు కట్టిన బైజూస్ 2024లో దివాలా కోర్టు మెట్లెక్కింది. అయినా ఆ మోజు తగ్గలేదు.

కోర్సులు చేసే మిత్రులూ, మిమ్మల్ని మానెయ్యమనను. ఒక్క పని చెయ్యండి. మందు డబ్బా మీద లోపల ఏముందో రాస్తారు కదా, మీ కోర్సు పేజీలో ఏం తీసేశారో రాయండి. "ఇందులో కారణాలు చెప్పం, లిమిట్లు మారితే ఈ ట్రిక్ పనిచెయ్యకపోవచ్చు" అని, ఫీజు అంకె ఎంత సైజులో వేస్తారో అంత సైజులో. కట్టేవాళ్లు అది చదివాక కడతారో మానతారో వాళ్లిష్టం.