మాటలు తగ్గాల్సిన వేళ

2022 సెప్టెంబరు 8, గురువారం. బ్రిటన్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. రాణి రెండో ఎలిజబెత్ ఆరోగ్యంపై వైద్యులు ఆందోళన చెందుతున్నారని బకింగ్‌హామ్ ప్యాలెస్ రెండు వాక్యాల ప్రకటన విడుదల చేసింది. కాసేపటికే బీబీసీ వన్ మామూలు కార్యక్రమాలను ఆపేసింది. ఆ మధ్యాహ్నమే వార్తలు చదివే వ్యక్తి నల్ల టై కట్టుకుని తెరమీద కనిపించాడు. మరణవార్త అధికారికంగా వెలువడింది సాయంత్రం ఆరున్నరకు. మధ్యలో ఉన్న ఆరు గంటలూ చెప్పడానికి ఏమీ లేదు. రాణి ఉన్న బాల్మోరల్ కోట గేటు, సన్నటి వాన, స్కాట్లాండ్‌కు బయల్దేరిన రాకుమారులు, వాళ్ల కారు లోపలికి వెళ్లిన దృశ్యం. అంతకు రెండ్రోజుల ముందు కొత్త ప్రధాని లిజ్ ట్రస్‌తో రాణి కరచాలనం చేసిన ఫొటో. అవే మళ్లీ మళ్లీ తిరిగాయి.

తర్వాత మరణ ధ్రువపత్రం బయటికొచ్చింది. రాణి కన్నుమూసింది మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకని అందులో ఉంది. అంటే మూడు గంటలకు పైగా టీవీలు ‘ఆందోళన’ అన్న ఒక్క మాట పట్టుకుని నిలబడ్డాయి. అధికారిక ప్రకటన వచ్చేదాకా ఆమె లేరన్న మాట బీబీసీ తెరమీద పలకలేదు. ఈ నిగ్రహం చిన్న విషయం కాదు. అందరికంటే ముందు చెప్పాలన్న తొందర వార్తాసంస్థలను నిలువునా ఊపేసే రోజుల్లో, ఒక కుటుంబానికి తమ మనిషి పోయిందన్న సంగతిని తామే ముందు తెలుసుకునే వ్యవధి దొరికింది. ఆ నిరీక్షణ వేళ తెరమీద సాగిన మాటలు మాత్రం అవసరానికి మించి ఉన్నాయి.

రాజమరణాల విషయంలో బ్రిటిష్ ప్రసార సంస్థల భయం పాతది. 2002 మార్చి 30న రాణి తల్లి అయిన రాజమాత మరణించినప్పుడు బీబీసీ న్యూస్‌రీడర్ ముదురు ఎరుపు టైతో వార్త చదివారని దేశమంతా గొడవైంది. 1997 ఆగస్టు 31న యువరాణి డయానా పారిస్‌లో పోయింది తెల్లవారుజామున, ఎవరూ ఊహించని రీతిలో. దానికి ఏ ప్రణాళికా లేదు. కానీ రాణి విషయంలో అలా కాదు. ‘ఆపరేషన్ లండన్ బ్రిడ్జ్’ పేరుతో ప్రభుత్వమూ ప్యాలెస్సూ పద్ధతులు సిద్ధం చేసుకుంటే, ఛానెళ్లు నివాళి కార్యక్రమాలు ముందే తీసి పెట్టుకున్నాయి, వార్త ఎలా చదవాలో రిహార్సల్స్ వేశాయి. రాణి స్కాట్లాండ్‌లో పోతే ఏం చేయాలన్న ప్రణాళికకు ‘యూనికార్న్’ అని వేరే పేరు. ఒక మనిషి బతికుండగానే ఆమె మరణానికి రిహార్సల్స్ ఏమిటని మనకు అనిపించవచ్చు. కానీ సిద్ధంగా ఉండటంలో తప్పు లేదు. సిద్ధపడని వార్తాగదే తత్తరపడి తప్పు చెబుతుంది.

అసలు చిక్కు మరొకచోట ఉంది. వార్త వేళనుబట్టి మరణం నడవాల్సి వస్తే ఏమవుతుందో చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1936 జనవరి 20 రాత్రి శాండ్రింగ్‌హామ్‌లో ఐదో జార్జి రాజు మృత్యుశయ్యపై ఉన్నాడు. రాజు జీవితం ప్రశాంతంగా ముగింపు వైపు సాగుతోందన్న ప్రకటనను బీబీసీ రేడియో పదే పదే వినిపిస్తోంది. ఆ వాక్యం రాసింది రాజవైద్యుడు లార్డ్ డాసన్. అర్ధరాత్రికి ముందు ఆయన రాజుకు మార్ఫిన్, కొకైన్ ఇంజెక్షన్లు ఇచ్చాడు. మరణవార్త సాయంత్రం వెలువడే చిన్నా చితకా పత్రికల్లో కాక, ఉదయపు ‘టైమ్స్’లో గౌరవంగా రావాలన్నది తన ఉద్దేశాల్లో ఒకటని ఆయనే తన కాగితాల్లో రాసుకున్నాడు. పత్రిక కాస్త ఆగేలా చూడమని లండన్‌లో ఉన్న భార్యకు ఫోన్ కూడా చేశాడు. యాభై ఏళ్ల తర్వాత, 1986లో, ఆ కాగితాలు బయటపడ్డాయి. ఒక మనిషి చివరి ఊపిరికీ పత్రిక అచ్చయ్యే వేళకూ ముడిపడటం చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. వార్తను మోసే పనిలో ఉన్నవాళ్లమంతా ఇది గుర్తుపెట్టుకోవాలి. మనవైపు నుంచి ఒత్తిడి ఎవరూ నోరుతెరిచి పెట్టకపోయినా, అది మృత్యుశయ్య దాకా వెళ్లగలదు.

ఐదో జార్జి కొడుకు ఆరో జార్జి 1952 ఫిబ్రవరి 6న పోయినప్పుడు బీబీసీ వార్తలు, వాతావరణ సూచనల వంటివి తప్ప మిగతా కార్యక్రమాలన్నీ నిలిపేసింది. దేశంలో శ్రోతకు వేరే ప్రసార సంస్థ లేని కాలం అది. సంస్థ దుఃఖమే దేశం దుఃఖంగా చలామణీ అయింది. ఆ అలవాటు మాత్రం డెబ్బై ఏళ్లు బతికింది. 2021 ఏప్రిల్ 9న రాణి భర్త ఫిలిప్ తొంభై తొమ్మిదో ఏట మరణిస్తే, బీబీసీ వన్‌లోనూ టూలోనూ ఒకే ప్రసారం నడిపారు, ఫోర్‌ను ఆపేశారు. ఆ రాత్రి రావలసిన వంటల పోటీ ఫైనల్ వాయిదా పడింది. ఫలితంగా బీబీసీకి 1,09,741 ఫిర్యాదులు వచ్చాయి. ఆ సంస్థ చరిత్రలోనే అది రికార్డు. ఫిర్యాదు చేసినవాళ్లంతా ఫిలిప్‌ను ద్వేషించేవాళ్లు కారు. ఆయన పోయాడని విని అయ్యో అనుకుని, కాసేపు నివాళులు చూసి, ఆ తర్వాత పిల్లలతో కూర్చుని మామూలు కార్యక్రమం ఏదో చూడాలనుకున్నవాళ్లు కూడా అందులో ఉండే ఉంటారు. కోవిడ్ ఆంక్షల మధ్య, సొంతవాళ్ల అంత్యక్రియలకే వెళ్లలేకపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్న కాలం అది. ఆ ఇళ్లలో టీవీ ఎటు తిప్పినా ఒకే చావు కనిపించడం ఎంత భారమో ఆలోచిస్తే, ఆ ఫిర్యాదుల్లో అమర్యాద కంటే అలసటే ఎక్కువ కనిపిస్తుంది.

జపాన్ అనుభవం ఇంకా లోతైనది. 1988 సెప్టెంబరులో హిరోహిటో చక్రవర్తి జబ్బుపడ్డారు. అప్పటి నుంచి 1989 జనవరి 7న ఆయన పోయేదాకా, నెలల తరబడి, టీవీల్లో ఆయన జ్వరం, నాడి, రక్తపోటు, ఎక్కించిన రక్తం ఎంతన్నది రోజూ చదివారు. దేశమంతా పండుగలు, వేడుకలు తనంతట తాను మానుకుంది. ఒక కారు ప్రకటనలో గాయకుడు అద్దం దించి ‘అందరూ బాగున్నారా’ అని పలకరిస్తాడు. చక్రవర్తి బాగా లేనప్పుడు ఆ మాట బాగుండదని గొంతు తీసేసి, పెదవులు మాత్రం కదిలేలా ప్రసారం చేశారు. మరణం తర్వాత రెండు రోజులు ప్రకటనలు లేవు, వినోదం లేదు, అన్ని పెద్ద ఛానెళ్లలోనూ అదే విషయం. జనం వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణాలకు పరుగెత్తారు. అరలు ఖాళీ అయ్యాయి. చక్రవర్తిమీద గౌరవం లేక కాదు. మనసు అంతసేపు ఒకే విషయంలో ఉండలేదు, అంతే.

థాయ్‌లాండ్‌లో 2016 అక్టోబరు 13న భూమిబోల్ రాజు పోయినప్పుడు ఛానెళ్లన్నీ నలుపు తెలుపుల్లోకి మారాయి. నెల రోజులు వినోదం వద్దన్నారు. డెబ్బై ఏళ్లు ఏలిన రాజు ఆయన. బ్యాంకాక్ వీధుల్లో నల్లబట్టలతో కూర్చుని ఏడ్చిన లక్షల మందిలో ఎక్కువమంది దుఃఖం నిజమైనదే. కానీ పైనుంచి ఆజ్ఞ వచ్చాక, మనస్ఫూర్తిగా ఏడ్చేవాళ్లెవరో, భయంతో తలవంచినవాళ్లెవరో బయటివారికి తెలిసే వీలు లేకపోయింది. నిజంగా ఏడ్చినవాళ్ల కన్నీటికి కూడా అది అన్యాయమే.

ఇన్ని ఉదాహరణల మధ్య ఒకటి మాత్రం మనసులో నిలిచిపోయింది. ఎలిజబెత్ రాణి భౌతికకాయాన్ని 2022 సెప్టెంబరు 14 సాయంత్రం నుంచి 19 ఉదయం దాకా వెస్ట్‌మినిస్టర్ హాల్లో ఉంచారు. దాదాపు రెండున్నర లక్షల మంది థేమ్స్ ఒడ్డున, సదర్క్ పార్కు దాకా సాగిన వరుసలో నిలబడి చూసి వెళ్లారు. ఒక దశలో ఇరవై నాలుగు గంటలకు పైగా పట్టింది. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ కూడా పన్నెండు గంటలకు పైగా అదే వరుసలో నిలబడ్డాడు. ఆ హాలు లోపలి దృశ్యాన్ని బీబీసీ రాత్రింబవళ్లు ప్రత్యక్ష ప్రసారం చేసింది. వ్యాఖ్యానం లేదు, సంగీతం లేదు, కింద పరుగెత్తే అక్షరాలు లేవు. శవపేటిక, దానిమీద కిరీటం, చుట్టూ కదలకుండా నిలబడ్డ సైనికులు. వచ్చేవాళ్లు ఒక్కక్షణం ఆగి, తలవంచో, సిలువ గీసుకునో, ఏమీ చేయకుండానో వెళ్లిపోతున్నారు. కాపలా మారేటప్పుడు నేలమీద కర్ర తట్టిన చప్పుడు. ఒక రాత్రి ఒక సైనికుడు సొమ్మసిల్లి పడిపోయాడు. వెంటనే ప్రసారం హాలు బయటి దృశ్యానికి మారింది. అతని అవస్థను దగ్గరగా చూపలేదు. ఆ కెమెరా నడిపిన చేతికి మన గౌరవం.

మన ఊళ్లలో చావింటికి పరామర్శకు వెళ్లిన పెద్దవాళ్లు గడపలో కూర్చుంటారు. చాలాసేపు ఏమీ మాట్లాడరు. లేచేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అని కూడా అనరు. మాట్లాడకపోవడమే అక్కడ మర్యాద. వెస్ట్‌మినిస్టర్ హాల్లోని ఆ కెమెరా సరిగ్గా ఆ పనే చేసింది. చూసేవాళ్లు తమకు తోచింది తాము అనుకోవచ్చు. ఏడవాలనుకుంటే ఏడవచ్చు, నచ్చకపోతే మరో ఛానల్‌కు వెళ్లవచ్చు. అంత్యక్రియల రోజు ఛానల్ 5 పిల్లల సినిమాలు వేసింది. దాన్ని అపచారం అనడం కంటే, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ల మీద దయ అనడమే సబబు. ఆ రోజు అంత్యక్రియలను బ్రిటన్‌లో దాదాపు మూడు కోట్ల మంది చూశారు. వేరే దారులు తెరిచి ఉన్నా వాళ్లంతా తమంతట తామే వచ్చి చూశారు. ఆ చూపుకు అందుకే విలువ.

దుఃఖించని వాళ్ల సంగతి కూడా ఉంది. ఆ సంతాప దినాల్లో బ్రిటిష్ తెరమీద సామ్రాజ్యం గురించి కఠినమైన మాట వినిపించింది తక్కువ. రాణి మరణానికి భారత ప్రభుత్వం సెప్టెంబరు 11న ఒక రోజు సంతాపదినం పాటించింది, జెండాలు అవనతం చేసింది. అదే రోజుల్లో మన సామాజిక మాధ్యమాల్లో కోహినూర్ ఎప్పుడు తిరిగొస్తుందన్న ప్రశ్న హోరెత్తింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే ఆ వజ్రం, 2002లో రాజమాత శవపేటికమీద పెట్టిన కిరీటంలో ఉంది. తెలుగువాళ్లకు ఆ కిరీటం అలంకారం మాత్రమే కాదు. మరోవైపు ఇదే రాణి 1983 నవంబరులో హైదరాబాదు వచ్చి బొల్లారం రాష్ట్రపతి నిలయంలో బసచేసింది, అక్కడి హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థన చేసింది. పెళ్లిరోజును ఇక్కడే జరుపుకుంది. ఆమెను చూడటానికి దారిపక్కన నిలబడినవాళ్ల జ్ఞాపకం ఎంత నిజమో, కోహినూర్ ప్రశ్నా అంతే నిజం. మరణవార్త రోజున ఈ రెండింటికీ చోటివ్వగలిగిన ఛానలే పూర్తి వార్త చెప్పినట్లు. పోయినవాళ్లను గౌరవించడానికి వాళ్ల కాలం చేసిన గాయాన్ని దాచాల్సిన పని లేదు. గంటన్నర ఆగి చెప్పినా, గొంతు తగ్గించి చెప్పినా సరే, చెప్పాలి.

ఇక మన టీవీలు. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయిలో పోయినప్పుడు ఆమె మరణించిన స్నానాల తొట్టెను బొమ్మలు గీసి, స్టూడియోల్లో తొట్టెలు పెట్టి చూపించిన రోజులు మనమింకా మరిచిపోలేదు. తెలుగు ప్రేక్షకులకు ఆమె వెండితెర రాణి. ఇంటి ఆడపడుచుగా అభిమానించిన మనిషికి ఆ మాత్రం పరదా కూడా దక్కలేదు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించిన నిజాం వారసుడు ముకర్రం జా భౌతికకాయాన్ని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంచి, మక్కా మసీదులో ఖననం చేశారు. రాజ్యం పోయి డెబ్బై అయిదేళ్లు కావస్తున్నా పాతబస్తీ జనం వరుసకట్టి చూసి వెళ్లారు. అలాంటి చోట మైకు పట్టుకుని ‘మీకెలా అనిపిస్తోంది’ అని అడగడం కంటే, వాళ్లను నడిచి వెళ్లనివ్వడమే ఎక్కువ చెబుతుంది.

పెద్దమనుషులు పోవడం ఆగదు, ఛానెళ్లు చూపించడమూ ఆగదు. వచ్చేసారి అలాంటి రోజున తెలుగు వార్తా ఛానెళ్లలో ఒక్కటైనా గంటసేపు విశ్లేషకులను ఇంటికి పంపి, వెనకాల వాయించే విషాద సంగీతం ఆపి, తెర కింది ఎర్రపట్టీ తీసేసి, కెమెరాను ఒకచోట నిలిపి చూడాలి. మిగతా ఛానెళ్లు తమ కార్యక్రమాలు తాము నడుపుకోవచ్చు. చూడదలచినవాళ్లు వస్తారు. ఎంతమంది వచ్చారో, ఎంతసేపు ఉన్నారో మర్నాడు లెక్క చూసుకుని, ఆ గంటను రెండు చేయాలో వద్దో అప్పుడు తేల్చుకోవచ్చు.