గూటిలో గుడ్లు... కేకు మీద!

ఈస్టర్ వస్తోందంటే పిల్లల హడావుడి అంతా ఇంతా కాదు. ఆ ఉత్సాహాన్ని కప్‌కేకుల అలంకరణ మీదికి మళ్లించండి. పండగ ఎప్పుడొచ్చినా మార్చి 22, ఏప్రిల్ 25 మధ్యే. మన ఎండలకు వెన్న క్రీమ్ ఇట్టే కరిగిపోతుంది. చక్కెర ఐసింగే నయం.

మెత్తబడిన వెన్న, పంచదార పొడి వంద గ్రాముల చొప్పున తీసుకుని నురగలా గిలక్కొట్టండి. రెండు గుడ్లు ఒక్కొక్కటిగా కలపండి. వంద గ్రాముల మైదాలో చెంచా బేకింగ్ పౌడర్ వేసి జల్లించి, కాస్త వెనీలా ఎసెన్స్‌తో పాటు చేర్చండి. పేపర్ కప్పుల్లో సగానికి కాస్త పైదాకా నింపి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 18-20 నిమిషాలు ఉంచండి. ఓవెన్ పని మాత్రం పెద్దలదే.

పూర్తిగా చల్లారాకే పిల్లల్ని పిలవండి. వేడి మీద రాస్తే ఐసింగ్ జారిపోతుంది. 150 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చిక్కగా కలిపి, కేకుల మీద రాయమనండి. ఆకుపచ్చ రంగు కలిపిన ఎండుకొబ్బరి కోరు చల్లితే గడ్డి, మధ్యలో మూడు జెమ్స్ బిళ్లలు పెడితే గుడ్లు. గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చినట్టే యేసు సమాధి నుంచి లేచాడన్నది క్రైస్తవుల భావన. ఆ మాటా చెప్పండి.

అయిదేళ్ల లోపు పిల్లలుంటే గుండ్రటి బిళ్లలు వద్దు, గొంతుకు అడ్డంపడొచ్చు. సన్నటి టూటీఫ్రూటీ ముక్కలు చాలు. అన్నట్టు, గూడు వంకరగా వచ్చిందని మీరు సర్దకండి. అతిథులకు చూపించి మురిసిపోయేది దాన్నే!