కౌన్ దియా?

కొత్త కారు ఇంటికొచ్చి నలభై రోజులైంది. ఈ నలభై రోజుల్లో మైలేజ్ ఎంత అని అడిగినవాళ్ళు ఆరుగురు. పెట్రోలా, సీఎన్‌జీయా అని అడిగినవాళ్ళు నలుగురు. "కౌన్ దియా?" అని అడిగినవాళ్ళని మాత్రం మొదటి వారంలోనే లెక్కపెట్టడం మానేశాను.

నాకు 52 ఏళ్ళు. గడ్డం సగానికి పైగా తెల్లబడింది. కోఠిలో పాత పుస్తకాల దుకాణం నడుపుకునేవాణ్ని. ఈ వయసులో నాకు కారిచ్చే సుస్రాల్ ఎక్కడుంటుంది భాయ్? అదే అంటే ఇంకో సవాల్: "తో ఫిర్ బేటే కా రిష్తా తయ్ హువా క్యా?" మా వాడింకా ఇంటర్ రెండో సంవత్సరం. అంటే మన బస్తీలో ఒక ముసల్మాన్ గేటు ముందు కొత్త కారు నిలబడిందంటే ఎవడో ఆడపిల్ల తండ్రి దాని పైసలు కట్టి ఉంటాడని అందరికీ ముందే యకీన్. సంపాదించి కొనుక్కున్నాడేమో అన్న ఖయాల్ ఆఖర్న వస్తుంది, ఒక్కోసారి రానే రాదు.

ముందు కారు సంగతి చెప్పుకోనివ్వండి, నాకూ ఆ మాత్రం ముచ్చట ఉంది. స్విఫ్ట్ తీసుకున్నాను. అది 2005లో మొదటిసారి బజారులోకి వచ్చినప్పుడు మా దుకాణం ముందు ఒక మెడికో దాన్ని ఆపి పుస్తకాలు కొనుక్కుని పోయాడు. అప్పటిదాకా మన కళ్ళకి చిన్న కారంటే మారుతి 800. డబ్బాలాగా, అదబ్‌గా ఉండేది. ఇదేమో పరుగుకి సిద్ధమైన కుర్రాడిలా కొంచెం ముందుకి వంగి నిలబడింది. ఇరవై ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను. పదకొండేళ్ళు చీటీలు వేశాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, పైనున్న సెస్సు కూడా పోయింది. ఆరున్నర లక్షల దగ్గర మొదలయ్యే బండి ఆరు లక్షల లోపు నుంచి మొదలైంది. ఆఖరి చీటీ ఎత్తి, నఖద్ ఇచ్చి తెచ్చాను. ఒక్క రూపాయి సూద్ లేదు, అల్హందులిల్లాహ్.

రోజూ దుకాణానికి మాత్రం దాన్ని తీసుకుపోను. నాంపల్లిలో మెట్రో ఎక్కితే గాంధీభవన్ తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్, ఐదు నిమిషాల్లో దిగిపోతాను. బ్యాంక్ స్ట్రీట్‌లో కారుకి జాగా వెతకడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. కారు తీసేది ఫజర్ నమాజ్ తర్వాత. అప్పుడు కోఠి ఎలా ఉంటుందో చూశారా? సుల్తాన్ బజార్ దుకాణాల షట్టర్లన్నీ మూసి ఉంటాయి, ట్రూప్ బజార్‌లో చాయ్ బండి ఒక్కటే వెలుగుతూ ఉంటుంది. సీటు కొంచెం కిందికి ఉంటుంది, రోడ్డు దగ్గరగా కనపడుతుంది. స్టీరింగ్ చక్రం అడుగున చదునుగా కోసినట్టుంటుంది, రేసు కార్ల తరహా. 1.2 లీటర్ల ఇంజిన్, మూడు సిలిండర్లు, 82 హార్స్‌పవర్ దాకా తాకత్. అంకెల్లో చూస్తే పెద్దదేం కాదు. కానీ బండి తేలిక. పుత్లీబౌలి మలుపు దగ్గర రెండో గేర్‌లో తొక్కితే నాలాంటివాడి పెదాల మీద కూడా నవ్వొస్తుంది. వెనక డిక్కీ 265 లీటర్లు, అంటే నా లెక్కలో అనాటమీ, ఫిజియాలజీ కట్టలు ఎనిమిది. అమ్మీని మోకాళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయేటప్పుడు ఆవిడ ముందు సీట్లో తస్బీహ్ తిప్పుతూ "ఆహిస్తా బేటా, ఆహిస్తా" అంటుంది. ఆహిస్తాగానే పోతాను.

ఒకరోజు భాంజీని కాలేజీ దగ్గర దింపాను. మా చెల్లె బిడ్డ, కోఠి విమెన్స్ కాలేజీలో ఎమ్మెస్సీ. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున యూనివర్సిటీ అయింది. మన నోట్లో మాత్రం ఇంకా కాలేజీయే. ఆ పెద్ద స్తంభాల బంగ్లా, మెట్ల పక్కన సింహాలు, అదే నిజాం జమానాలో రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన కోఠి. మన కోఠికి ఆ పేరు దానివల్లే వచ్చింది. పిల్ల దిగి, తలుపు మెల్లగా వేసి, "మామూ, మస్త్ ఉంది" అంది. నలభై రోజుల్లో ఈ కారు గురించి నేను విన్న మంచి మాట అదొక్కటే.

అదే పిల్లకి రిష్తా వచ్చింది. మా బహెనోయి బడీచౌడిలో దర్జీ. ఇల్లు మా కిందే. లడ్కేవాలే ఇతవారం వచ్చారు. మంచివాళ్ళలాగే మాట్లాడారు. "హమ్‌కు కుఛ్ నక్కో, లడ్కీ హోనా బస్" అన్నారు. బిర్యానీ తిన్నారు, ఖుబానీ కా మీఠా రెండోసారి వేయించుకున్నారు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నా కారు. అబ్బాయి తల్లి దాని చుట్టూ ఒక తవాఫ్ చేసినంత పని చేసింది. "కిస్కీ గాడీ?" "లడ్కీ కే మామూ కీ." "మాషాఅల్లాహ్." అంతే, వెళ్ళిపోయారు.

మూడో రోజు మష్షాతా పైగామ్ తెచ్చింది. లడ్కా రోజూ మాదాపూర్ దాకా బండి మీద పోతున్నాడట, ఎండ, దుమ్ము, నడుం నొప్పి. వాళ్ళేమీ అడగడం లేదట. "మాంగ్ రయీం నై, సమఝ్ రయీం." మామూకే అలాంటి కారుంటే భాంజీకి కూడా ఒకటి ఇవ్వకుండా ఉంటారా అని వాళ్ళకై వాళ్ళు సమఝయ్యారట. మోడల్ కూడా సమఝయ్యారు. రంగు కూడా.

పదకొండేళ్ళ చీటీలతో నేను కొనుక్కున్న బండి, ఒక దర్జీ కూతురి నిఖా రేటు పెంచింది. నాకు తెలియకుండానే నా గేటు ముందు మా బహెనోయి నెత్తిన ఏడు లక్షల బరువు పార్క్ చేసి పెట్టాను.

ఇక్కడ నా గురించి కూడా ఒక మాట చెప్పకపోతే ఈ రాతంతా ఝూట్ అవుతుంది. ఆ రాత్రి నేను కోపంతో గెంతులేస్తుంటే మా ఆవిడ చపాతీలు చేస్తూ, తిరిగి చూడకుండా, "సునో జీ, మీ చేతక్ స్కూటర్ ఎవరిచ్చారు?" అంది. 1999లో మా నిఖా. బజాజ్ చేతక్, దాదాపు 28 వేలు. నేను నోరు తెరిచి అడగలేదు. మా అబ్బా అడిగారు, నేను పక్కన తల దించుకుని మంచి కొడుకులా కూర్చున్నాను. దాని కోసం మా ససుర్ పీఎఫ్ మీద లోన్ తీశారని, నాలుగేళ్ళు తనఖాలో కోత పడుతూనే ఉందని, ఆ నాలుగేళ్ళూ మా చిన్న సాలీ చదువు ఆగిపోయిందని నాకు ఆ రాత్రే తెలిసింది. 26 ఏళ్ళు చెప్పలేదు ఆవిడ. చపాతీ మాడలేదు, గొంతు పెరగలేదు. ఆ స్కూటర్ మీద కూర్చుని నేను కోఠిలో ఎంత షాన్‌గా తిరిగానో ఆవిడకి గుర్తుంది. కాబట్టి నేను పైనుంచి వాజ్ చెప్పడం లేదు. చోరీ మాల్ అనుభవించినవాడు మాట్లాడుతున్నాడనుకుని వినండి.

మనవాళ్ళ దగ్గర జవాబులు తయారుగా ఉంటాయి. మొదటిది, జహేజ్ సున్నత్ అట. హుజూర్ తమ బేటీ ఫాతిమాకి సామాను ఇవ్వలేదా అంటారు. రివాయత్‌లో ముందు భాగం మింగేసి వెనక భాగం చెప్తారు. హజ్రత్ అలీ తన జిరాని, యుద్ధంలో తొడిగే కవచాన్ని, మెహర్‌గా ఇచ్చారు. అది అమ్మిన పైసలతోనే ఇంట్లోకి ఆ కాస్త సామాను వచ్చింది. పెళ్ళికొడుకు తన కవచం వదులుకుంటే కొన్న తోలు పరుపు, తిరగలి, మశ్క్ అవి. దాన్ని చూపించి పెళ్ళికూతురి తండ్రి చొక్కా కూడా విప్పుతున్నారు! సూరా నిసా నాలుగో ఆయత్ మెహర్ ఇవ్వమని మగవాడికి చెప్తుంది. మనం దాన్ని నిఖానామాలో అంకెగా రాసి ఉధార్ పెట్టి, ఎదురు కారు నఖద్‌గా తీసుకుంటాం.

రెండో జవాబు, "ఖుషీ సే దియే." ఖుషీగా ఇచ్చేదానికి మోడల్ పేరు ముందే ఎందుకు తెలుస్తుంది? షోరూమ్‌కి దూల్హా బావ ఎందుకు పోతాడు? సరే, ఖుషీయే అనుకుందాం. ఆర్సీ తీసి చూపించండి. ఎవరి పేరుంది? 1961 నాటి కట్నం నిషేధ చట్టం ఆరో సెక్షన్ ఏమంటుందో చాలామందికి ఖబర్ లేదు. పెళ్ళికి ముందు తీసుకున్న కట్నం ఎవరి చేతిలో ఉన్నా, పెళ్ళైన మూడు నెలల్లో ఆ అమ్మాయికి అప్పజెప్పాలి. అదే చట్టం మూడో సెక్షన్ కింద కట్నం ఇచ్చినా తీసుకున్నా మామూలుగా ఐదేళ్ళకు తగ్గని ఖైద్. మెహర్‌ని మాత్రం కట్నం కాదని ఆ చట్టమే విడిగా చెప్పింది. మన ఇస్లామీ హక్కుని సర్కారీ కానూన్ గుర్తు పెట్టుకుంది, మనం మరచిపోయాం. మన ఖాందాన్‌లో జహేజ్ కార్లు ఎన్నో, వాటిలో దుల్హన్ పేరున ఆర్సీ ఉన్నవెన్నో ఒక సాయంత్రం కూర్చుని లెక్క తీయండి. నేను మా ఖాందాన్‌లో తీశాను. ఏడు కార్లు. ఒక్కటీ లేదు.

మూడోది నాకు ఎక్కువ మండేది. దామాద్ పక్కా నమాజీ. సూద్ హరామ్ అని క్రెడిట్ కార్డు ముట్టడు. చాలా మంచిది. కానీ కింద కూర్చున్న ఆ లెదర్ సీటు సంగతి? దర్జీ దగ్గర ఏడు లక్షలు నఖద్ ఉండవు కదా. బ్యాంకు కెళ్తాడు. తొమ్మిది శాతం సూద్‌తో ఏడేళ్ళకి లోన్ అంటే నెలకు 11,260 రూపాయల దాకా, మొత్తం తొమ్మిదిన్నర లక్షలకు కొంచెం తక్కువ. అంటే రెండున్నర లక్షల దాకా ఉట్టి సూద్. సూద్ రాసేవాడు, కట్టేవాడు, తినేవాడు అంటూ గుణాహ్ పంచుతాం కదా, దాని పేరు మీద ఏసీ వేసుకుని జుమ్మా నమాజ్‌కి పోయేవాడిది ఏ ఖాతా? ముల్లా సాబ్‌లు జుమ్మా ఖుత్బాలో పతంగుల గురించి, పటాకుల గురించి చెప్తారు. ఫంక్షన్ హాల్ గేటు దగ్గర రిబ్బన్ కట్టిన కారు పక్కనుంచే లోపలికి నడిచి ఖుత్బా చదివి నిఖా చేస్తారు. ఆ కారు కనపడదా?

కారు మీద నాకు ద్వేషం లేదు, మీరు చూశారు కదా, పొద్దున్నే దాన్ని రుమాలుతో తుడుచుకునేవాణ్ని. కుర్రాళ్ళకి కారు మీద షోఖ్ ఉండడం తప్పు కాదు. కొనుక్కోండి. పాతది కొనుక్కోండి, చీటీ వేసుకోండి, ఐదేళ్ళు ఆగండి. మాదాపూర్‌కి మెట్రో ఉంది, బస్సుంది.

ఆ రిష్తా మా బహెనోయే వద్దన్నాడు. పెద్దగా ఏమీ అనలేదు, మష్షాతాకి చాయ్ ఇప్పించి, "హమారే బస్ కా నై, అమ్మా" అన్నాడు. భాంజీ రెండు రోజులు ఆ కారు వైపు చూడకుండా నడిచింది. మూడో రోజు పైకొచ్చి, చిన్నగా, "మామూ, వచ్చే ఇతవారం ఇంకోళ్ళు వస్తున్నారు. గాడీ మీద ఏమన్నా కవర్ వేస్తారా?" అంది.

పుత్లీబౌలి పోయి కవర్ తెచ్చాను, అబద్ధం చెప్పను. 1,400 తీసుకున్నాడు. ఇంటికొచ్చి గేటు ముందు దాన్ని విప్పబోతూ ఆగిపోయాను. కవర్ ఎందుకు వేయాలి? దొంగసొత్తైతే కప్పుకోవాలి. రేపు ఫంక్షన్ హాల్ గేటు దగ్గర పూలు కట్టి నిలబెట్టేదానికి ఎవరూ కవర్ వేయరు, దాని ముందు అందరూ ఫోటోలు దిగుతారు. భాయీ, ఆపా, "కౌన్ దియా" అని నన్నడిగిన మీ అందరికీ ఒకటే గుజారిష్: ఆ సవాల్ ఆపొద్దు. నా గేటు దగ్గర కాదు, అక్కడ అడగండి, దూల్హా చేతిలో తాళం పెడుతున్నప్పుడు, అందరికీ వినపడేలా.

కవర్ ప్యాకింగ్‌తో సహా డిక్కీలో పుస్తకాల కింద ఉంది. ఇతవారం వాళ్ళొస్తారు, కారు గేటు దగ్గరే ఉంటుంది, కడిగే ఉంచుతాను. మైలేజ్ అడిగితే చెప్తాను. కోఠి ట్రాఫిక్‌లో పదహారు వస్తోంది.